గుండె మాత్రలు

"తినకపోతే మానె. మాత్రయినా మింగమను! బళ్ళో క్లాసు క్లాసంతా నోరు మూయిస్తావు కదా టీచరమ్మా, ఇంట్లో ఒక్క పిల్ల నోరు తెరిపించలేవూ?"

ఆ మాట అంటూనే ఎసెజా మరో మిడత రెక్కలు తుంచి చేటలో పడేసింది. మిడతల కాలం వచ్చి వారమైంది. మనవరాలికి ప్రాణం అవంటే. పొద్దున్నే ఒక వాయి వేయించి, ఉల్లిపాయ వేసి, పిల్ల మూసుకున్న గది తలుపు ముందు పెట్టి వచ్చింది. పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. దాని పక్కన రాత్రి పెట్టిన అరటికాయ ముద్ద ఆకులో ఎండిపోయింది. వేరుశనగ పులుసు మీద తెట్టు కట్టింది.

"అమ్మా, మెల్లగా. లోపల దానికి వినబడుతుంది" అంది నమ్యాలో.

"విననీ. అది వినకూడని మాటింకా ఏం మిగిలింది? నువ్వు వినిపించేశావుగా."

నమ్యాలో వంటపాక గడప మీద కూర్చుని ఉంది. ఆదివారం ప్రార్థనకని కట్టుకున్న బట్టలు అలాగే ఉన్నాయి. చర్చి దాకా వెళ్ళి, గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళు మాటలాపేయడం చూసి, వెనక్కి వచ్చేసింది.

శుక్రవారం జరిగింది ఒక్క నిమిషం సంగతి. ఏడో తరగతికి ఆరోగ్య పాఠం చెబుతోంది. పెద్ద పరీక్షలు దగ్గరపడ్డాయి. హెచ్‌ఐవి గురించి ప్రశ్న తప్పకుండా వస్తుంది. మందులు వేళకి వేసుకుంటే ఆ జబ్బున్నవాళ్ళు నిండా బతుకుతారని చెప్పింది. ఇది సిగ్గుపడే జబ్బు కాదు, దాచుకోకండి అని చెప్పింది. "ఆ మాత్రలు ఎలా ఉంటాయి టీచర్?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. తెల్లగా, కోలగా, మధ్యలో గీతతో ఉంటాయని, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకోవాలని చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె టీచరు, అంతే. మూడో బెంచీలో కూర్చున్నది తన తమ్ముడి కూతురన్న సంగతి ఆ క్షణాన మనసులో లేదు.

బాబిర్యే చెయ్యెత్తింది. జవాబు తెలిసిన పిల్ల సంబరం ఆ మొహంలో.

"నా గుండె మాత్రలు కూడా అచ్చం అలాగే ఉంటాయి టీచర్!"

క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో పిల్లకి అర్థం కాలేదు. టీచరు వైపు చూసింది. నమ్యాలో మొహంలో బెదురు దాచుకోలేకపోయింది. ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది.

అప్పటినుంచి బాబిర్యే మాట్లాడలేదు. మాత్ర ముట్టలేదు.

"నర్సు ఎంత కాలంగా మొత్తుకుంటోందమ్మా, పిల్లకి ఊహ తెలిసింది, చెప్పేయండని" అంది నమ్యాలో. "నేనూ చెప్దామన్నాను. పరీక్షలయ్యాక, పరీక్షలయ్యాక అన్నదెవరు?"

"నేనే అన్నాను. ఇప్పుడూ అంటాను." ఎసెజా చేట పక్కన పెట్టింది. "గుండె జబ్బంటే అయ్యో అంటారు. ఆ జబ్బంటే జరిగి కూర్చుంటారు. నీ తమ్ముడు పోయిన రోజు గుర్తులేదా? గొయ్యి తవ్వడానికి మనుషులు దొరక్క మీ అన్నయ్య చొక్కా విప్పి తనే దిగాడు. ఆ పసిదాన్ని కూడా అలా చూస్తారని... పోనీ ఇంకొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు అనుకున్నాను."

"దాస్తే పోయేదా అమ్మా?"

"దాస్తే నవ్వేది! పిల్ల నవ్వేది ఈ ఇంట్లో. అది చాలు నాకు." ముసలామె కూతురి వైపు వేలు చూపింది. "మేనత్తవి నువ్వు. మన ఆచారంలో ఆడపిల్లకి ఒంటి సంగతులు చెవిలో చెప్పాల్సింది మేనత్త. నువ్వు చెవిలో చెప్పలేదే. బోర్డు మీద రాశావు."

నమ్యాలో చేట దగ్గరికి లాక్కుని మిడత రెక్కలు తుంచసాగింది.

వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. ఎండబెట్టిన కాఫీ గింజల చాప మీదుగా చక్రం పోనిచ్చి, "ఓరి దేవుడా" అనుకుంటూ సెమకూలా దిగాడు. ఇంటికి పెద్దకొడుకు. తెల్లటి పొడుగు అంగీ మీద నల్లకోటు. జింజా పట్నం నుంచి రాత్రే బయల్దేరినట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మిడతలు వేయించావా అమ్మా? వాసన రోడ్డు దాకా వస్తోంది."

"నీకు కాదు."

"తెలుసులే. ఈ ఇంట్లో నాకోసం ఎప్పుడు ఏం వేయించావు గనక." గడప మీద చెల్లెలి పక్కన చతికిలబడ్డాడు. ఆ హాస్యం అక్కడితో అయిపోయింది. "ఊళ్ళో అడుగుపెట్టగానే ఇద్దరు ఆపి అడిగారు నన్ను. పిల్లకి నిజమేనా అని."

"ఏం చెప్పావు?"

"కాఫీ వర్తకుణ్ణి, నా కాఫీ ధర అడగండి చెప్తా, నా ఇంటి సంగతి అడక్కండి అన్నాను." అతను కోటు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. "చెల్లీ, నీమీద అరవడానికి రాలేదు. ఒక మాట చెప్తాను, విను. ఇక్కడ ఊరంతటికీ తెలిసిపోయింది. దాన్ని నాతో పంపండి. జింజాలో మా ఇంటి పక్కనే బడి ఉంది. అక్కడ దాన్ని ఎరిగినవాళ్ళు లేరు."

"పరీక్షలు వచ్చేవారం అన్నయ్యా."

"వచ్చే ఏడు రాస్తుంది. ఒక ఏడు పోతే కొంప మునుగుతుందా? ఇక్కడుంటే వెక్కిరింతలతోనే చస్తుంది. అక్కడ హాయిగా ఉంటుంది. ఎవరైనా అడిగితే మనం చెప్పేది ఎలాగూ చెప్తాం..."

"అక్కడ కూడా గుండె జబ్బనే చెప్తారా పెదనాన్నా?"

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. తలుపు తెరుచుకోలేదు. గొంతు మాత్రం దాని వెనకనుంచి, చాలా దగ్గరనుంచి వచ్చింది. పిల్ల ఇంతసేపూ తలుపుకి ఆనుకునే కూర్చుని ఉంది.

సెమకూలా లేచాడు. కోటు తొడుక్కుని, మళ్ళీ విప్పి, వాకిట్లోకి వెళ్ళి చెదిరిన కాఫీ గింజల్ని చేత్తో చాప మీదికి తోస్తూ కూర్చున్నాడు.

*

హెడ్మాస్టర్ కయోంగో ఇంటి వెనక కుందేళ్ళకి ఆకులు వేస్తున్నాడు. నమ్యాలోని చూడగానే చేతులు దులుపుకుని స్టూలు జరిపాడు. మంచివాడు. ఆ బళ్ళో ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్డి కట్టించడానికి ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాడు. అందుకే ఆయన పిలిచాడని కబురు రాగానే ఆమెకి భయం వేసింది. చెడ్డవాళ్ళతో అయితే పోట్లాడవచ్చు.

"పిల్ల ఎలా ఉంది?"

"తినడం లేదు సార్."

ఆయన తల పంకించాడు. మరో గుప్పెడు ఆకులు కుందేళ్ళకి వేశాడు.

"నిన్న తల్లులు కొందరు వచ్చారు. బళ్ళో పిల్లలు తాగే గంజి కప్పులు వేరు చెయ్యమంటున్నారు."

"కప్పుతో అంటదని నేను చెప్పాను కదా సార్. వాళ్ళ పిల్లలే పరీక్షలో రాశారు. మార్కులు కూడా తెచ్చుకున్నారు."

"రాశారు. రాయడం వేరమ్మా, పక్కన కూర్చోవడం వేరు." ఆయన గొంతు తగ్గించాడు. "నేను వాళ్ళకి ఒప్పుకోలేదు. కానీ పరీక్షల ముందు బళ్ళో గొడవ వద్దు. రేపటినుంచి బాబిర్యే ఇంట్లోనే చదువుకోనీ. పరీక్షకి తీసుకురా. నా గదిలో కూర్చోబెట్టి రాయిస్తాను. ప్రశాంతంగా రాసుకుంటుంది."

"ఒక్కదాన్నేనా?"

"దాని మంచికే."

"మరి ఆ పాఠం సార్? సగంలో ఆగిపోయింది."

"అది సైన్సు మాస్టారికి ఇచ్చాను. నువ్వేం అనుకోకు. ఇంట్లో ఆ జబ్బు పెట్టుకున్న టీచరు ఆ పాఠం చెప్తే పిల్లలు పాఠం వినరు, టీచర్నే చూస్తూ కూర్చుంటారు. బడి కమిటీలో ఇంకో మాట కూడా అన్నారు. నీలా ఆడపిల్లల మంచిచెడ్డలు చూసే టీచరు మీద మరక ఉండకూడదట."

"మరకా సార్?"

"నా మాట కాదమ్మా అది. వాళ్ళ మాట."

నమ్యాలో లేచింది. ఆయనతో ఇంకేదో చెప్పాలని నోటిదాకా వచ్చింది. వస్తానని మాత్రం చెప్పి నడిచింది.

ఆయనకి తెలియదు. తల్లికి తెలియదు, అన్నకి తెలియదు. భర్త వదిలేసి వెళ్ళిన ఏడాది, తనని ఎవరూ ఎరగని ఊళ్ళో పరీక్షకి రక్తం ఇచ్చి, కాగితం తీసుకుని, మసాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికొచ్చింది. దారి పొడవునా ఏడవలేదు. అప్పటినుంచి రోజూ పూటకొక మాత్ర గది తలుపు వేసుకుని మింగి, నోరు తుడుచుకుని, బడికెళ్ళి, దాచుకోకండని పిల్లలకి చెబుతూ వచ్చింది. చెప్పిన ప్రతిసారీ ఆ మాటని మనసారా నమ్మింది కూడా. తన విషయంలో మాత్రం, రేపు చూద్దాం అనుకుంది. తల్లి పరీక్షలయ్యాక అన్నట్టే.

*

తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. ఎసెజా వాకిట్లో నిలబడి తోట వైపు చూస్తోంది.

"అటెళ్ళింది. నన్ను రావద్దంది. నువ్వెళ్ళు."

అరటితోట చివర మూడు సమాధులు. తమ్ముడు లుబ్వామాది, అతని భార్యది సిమెంటువి. మధ్యలో చిన్నది, మట్టిది. దాని చుట్టూ పేర్చిన రాళ్ళు మాత్రమే గుర్తు. బాబిర్యే ఆ చిన్న సమాధి పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. స్కూలు యూనిఫాం ఇంకా విప్పలేదు.

నమ్యాలో కొంచెం దూరంలో కూర్చుంది. పిల్ల తల తిప్పలేదు.

"నాతో పుట్టిన కాటో ఎగిరిపోయాడని చెప్పేవాళ్ళు నాకు."

"మన ఆచారంలో కవలల్ని పోయాడు అనకూడదమ్మా. ఎగిరిపోయాడనే అంటాం."

"ఎందుకు ఎగిరాడు? నాకున్నదే వాడికీ ఉందా?"

నమ్యాలో ఆ చిన్న సమాధి వైపు చూసింది. "ఉంది."

"మరి మాత్రలు ఇవ్వలేదా వాడికి?"

"అప్పటికి పసిపిల్లల మందు మన వైపు రాలేదు. వచ్చేసరికి వాడు లేడు. నువ్వు నిలబడ్డావు."

"అమ్మ నుంచి వచ్చిందా మాకు?"

"అవును. మీ అమ్మకి అప్పటికి తెలియదు తల్లీ. తెలిసేసరికి మీరిద్దరూ పుట్టేశారు. మీ కోసం ఏడ్చినంత తన కోసం ఏడవలేదది."

బాబిర్యే ఒక రాయి తీసి పక్కకి పెట్టింది. మళ్ళీ తీసి ఉన్నచోటే పెట్టింది.

"ఎవరెవరికి తెలుసు?"

"నాయనమ్మకి, పెదనాన్నకి, నాకు. ఆసుపత్రిలో నర్సుకి. పాస్టరు గారికి."

"పెద్దమ్మకి?"

"...తెలుసు."

"నాకు తప్ప అందరికీ తెలుసు." ఆ గొంతులో కోపం కూడా లేదు. "నా ఒంట్లో ఉన్న జబ్బు, నాకొక్కదానికే తెలీదు. ప్రార్థనలో నా గుండె బాగవ్వాలని నేను రోజూ అడిగేదాన్ని. దేవుడు కూడా నవ్వుకుని ఉంటాడు."

"అలా అనకు."

"క్లాసులో సిగ్గుపడొద్దని చెప్పావు. దాచుకోవద్దని చెప్పావు. అవన్నీ వేరే పిల్లలకా అత్తా? సిగ్గు కాకపోతే నా దగ్గరెందుకు దాచారు?"

నమ్యాలో చేతులు ముందుకు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. "తప్పు మాదే. ఎంత కోపముంటే అంతా నామీద ఉంచుకో. బతికున్నన్నాళ్ళూ ఉంచుకో. మాత్ర మాత్రం వేసుకో తల్లీ. శుక్రవారం నుంచి లేదు. మందు మానితే ఆ పురుగు బలం పుంజుకుంటుంది."

"వేసుకుంటే బతుకుతానా?"

"బతుకుతావు. పెద్ద చదువు చదువుతావు, ఉద్యోగం చేస్తావు..."

"పుస్తకంలోది చెప్పకు!" పిల్ల మొదటిసారి అరిచింది. అరటి ఆకుల్లోంచి పిట్టేదో లేచిపోయింది. "అది నాక్కూడా వచ్చు. పరీక్షకి బట్టీపట్టాను. చూపించు నాకు. ఈ జబ్బుండి, పెద్దదై, బతికున్న మనిషిని ఒక్కర్ని చూపించు. నాకు కనబడేవి ఇవే." సమాధుల వైపు చెయ్యి ఊపింది. "ఇవేగా నువ్వు చూపించగలిగేవి?"

గాలికి ఎండిన అరటి మట్టలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి.

"చూస్తూనే ఉన్నావు" అంది నమ్యాలో.

"ఎవర్ని?"

"నన్ను."

బాబిర్యే అత్త మొహంలోకి చూసింది. అబద్ధమేమో అని వెతికినట్టు చూసింది. ఆ మొహంలో శుక్రవారం క్లాసులో చూసిన బెదురే మళ్ళీ కనబడింది.

"ఎప్పటినుంచి?"

"నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పటినుంచి. నీకు పలక మీద అంకెలు నేర్పిన ఏడాది."

"నాయనమ్మకి..."

"తెలీదు. ఎవరికీ తెలీదు. మొదటిసారి నీకే చెప్తున్నాను."

తను చెబితే పిల్లకి ధైర్యం వస్తుందని, వచ్చి ఒళ్ళో తల పెట్టుకుంటుందని నమ్యాలో ఎక్కడో ఆశపడింది. బాబిర్యే వెనక్కి జరిగింది.

"అంటే ఒకే ఇంట్లో ఇద్దరం అవే మాత్రలు మింగుతున్నామా? నేను వంటపాకలో, నువ్వు తలుపేసుకుని? అవి చేదుగా ఉన్నాయని నేనేడిస్తే, నీకు తెలీదులే అత్తా అంటే, అవును తెలీదు అన్నావు. గుర్తుందా?" వెక్కిళ్ళు మాటని ముక్కలు చేస్తున్నాయి. "క్లాసులో అందరూ నన్నే చూశారు. నేనొక్కదాన్నే అనుకున్నాను. నువ్వు బోర్డు దగ్గర నిలబడి ఉన్నావు. అక్కడే ఉన్నావు. ఏమీ అనలేదు."

"అనలేకపోయాను."

"ఎందుకు?"

"భయం" అంది నమ్యాలో. అంతకంటే నిజమైన మాట ఆమెకి దొరకలేదు.

ఎండు మట్టలు చప్పుడయ్యాయి. ఇద్దరూ తిరిగి చూశారు.

ఎసెజా నిలబడి ఉంది. ఒక చేతిలో నీళ్ళ కప్పు, ఒక చేతిలో మాత్రల డబ్బా. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో అడగనక్కర్లేదు, మొహమే చెబుతోంది. ఆమె కూతుర్ని చూసింది. కొడుకు సమాధిని చూసింది. మళ్ళీ కూతుర్ని చూసింది, ఎత్తూ లావూ కొలుస్తున్నట్టు. నమ్యాలో లేవబోయింది. ముసలామె తల అడ్డంగా ఊపింది.

నెమ్మదిగా నడిచి వచ్చి, కప్పు ఒలక్కుండా జాగ్రత్తగా వంగి, బాబిర్యే ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

పెద్దవాళ్ళ ముందు పిల్లలు మోకరిల్లాలి. నడక వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి ఆడపిల్లా నేర్చుకునేది అదే. మనవరాలి ముందు నాయనమ్మ మోకరిల్లడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

"నాయనమ్మా! లే! ఏమిటిది, లే!" బాబిర్యే బెదిరిపోయి ఆమె భుజాలు పట్టుకుని లాగింది.

"లేవను." ఎసెజా గొంతులో పొద్దుటి గదమాయింపు లేదు. "అబద్ధం అల్లింది నేను. గుండె అన్నది నేను. ఈ మూడిట్లో ప్రతిదాని మీదా మొదటి పిడికెడు మట్టి నేను వేశాను తల్లీ. నన్ను తిట్టు, నాతో మాట్లాడకు, పెదనాన్నతో పొమ్మంటే పో. ఇంకో గొయ్యి మాత్రం తవ్వించకు. నా చేతుల్లో బలం లేదు."

బాబిర్యే ఏడుస్తూనే డబ్బా అందుకుంది. మూత రాలేదు, చేతులు తడిగా ఉన్నాయి. నమ్యాలో తీసి ఇచ్చింది. పిల్ల మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, చేదుకి మొహం చిట్లించింది. వేసుకుంది కదా, లే అన్నట్టు నాయనమ్మ మోచెయ్యి పట్టుకుంది.

ఎసెజా లేవలేదు. అలాగే కూర్చుని కూతురి వైపు తిరిగింది.

"నువ్వు వేసుకున్నావా ఇవాళ?"

చిన్నప్పుడు జ్వరమొస్తే కషాయం తాగావా అని అడిగిన గొంతే అది. నమ్యాలో అవునన్నట్టు తల ఊపింది. ముసలామె ఇంకేమీ అడగలేదు. అప్పుడుగానీ నమ్యాలోకి ఏడుపు రాలేదు.

ఇంటి వైపునుంచి సెమకూలా ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. ఎవరో పలకరించడానికి వచ్చినట్టున్నారు, లేకపోతే చూసిపోవడానికి.

"హెడ్మాస్టర్ ఏమన్నారు?" అంది బాబిర్యే, యూనిఫాం కొసతో ముక్కు తుడుచుకుంటూ.

నమ్యాలో ఇక దేన్నీ తగ్గించి చెప్పలేదు. గంజి కప్పుల సంగతి చెప్పింది. ఇంట్లోనే ఉండమన్న మాట చెప్పింది. వేరే గది చెప్పింది. పాఠం తన దగ్గర్నుంచి తీసేశారని చెప్పింది. మరక అన్న మాట కూడా చెప్పింది.

బాబిర్యే అంతా విన్నది.

"నేను రేపు బడికెళ్తాను. నా బెంచీలోనే కూర్చుంటాను." అని చేతులు దులుపుకుంది. "వాళ్ళు జరిగి కూర్చుంటారు. అది తెలుసు. అందరూ నన్నే చూస్తారు, అదీ తెలుసు."

"నేను నీతో వస్తానమ్మా. హెడ్మాస్టర్‌తో మాట్లాడతాను. కమిటీతో..."

"అది కాదు అత్తా."

శుక్రవారం నుంచీ ఆ పిల్ల అత్త కళ్ళలోకి అలా సూటిగా చూడలేదు.

"ఇందాక నాకు చెప్పిన మాట క్లాసులో చెప్తావా?"

నమ్యాలో తల్లి వైపు చూసింది. వద్దంటుందేమో, ఎప్పటిలా అడ్డుపడుతుందేమో అని చూసింది. ఎసెజా వద్దనలేదు. ఒళ్ళో ఖాళీ కప్పు పట్టుకుని, మట్టంటిన మోకాళ్ళతో, కూతురు ఏమంటుందా అని ఆమె కూడా ఎదురుచూస్తోంది.